ఫ్రిజ్ మీది ఫోను

పోర్టు దగ్గరి వన్ టౌన్‌లో మేముండే సందులో కొన్ని ఇళ్ళల్లో ఫ్రిజ్ మీద ఒక చిన్న బటన్ల ఫోను ఉంటుంది. దానితో ఎవరూ మాట్లాడరు. పిల్లలు ఆటకు తీస్తే తల్లులు కసురుతారు. దుమ్ము పడకుండా దానిమీద చేతిరుమాలు కప్పి ఉంచేవాళ్ళను చూశాను. ఒక ఇంట్లో అది ఏసుప్రభువు పటం కింద ఉంటుంది, ఇంకో ఇంట్లో దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కన. ఆ ఫోను కనబడిందంటే ఆ ఇంటి మగమనిషి ఓడ మీద ఉన్నాడని అర్థం.

ఓడెక్కేవాడు తన ఫోన్లోంచి సిమ్ తీసి ఇంట్లో ఇచ్చి వెళ్తాడు. నడిసముద్రంలో దానితో పని లేదు. పరాయి రేవులో వాడితే రోమింగ్ పేరు చెప్పి జీతంలో సగం పట్టుకుపోతారు. వాట్సాప్ మాత్రం పాత నంబరు మీదే, సిమ్ లేకపోయినా, ఓడలోని వైఫై మీద నడుస్తూ ఉంటుంది. అంటే నంబరు ఇంట్లోనూ మనిషి సముద్రంలోనూ అన్నమాట. ఇంట్లోవాళ్ళు ఆ సిమ్‌ను బటన్ల ఫోనులో పెట్టి, దొరికినవాటిలో అన్నిటికంటే చవకైన ప్యాకు వేస్తూ ఉండాలి. దీన్ని మా సందులో నంబరు బతికించడం అంటారు.

నేను చాలాకాలం దినపత్రికలో పనిచేశాను. అందులో ఎక్కువ భాగం పోర్టు వార్తలే. ఏ ఓడ వచ్చింది, ఏం దించింది, ఏ బెర్తు ఖాళీ లేక బయట లంగరు వేసి నిలబడింది, ఇవే రాసేవాణ్ణి. ఆ ఓడల్లో ఉన్నవాళ్ళు ఇంటికి ఎలా మాట్లాడుకుంటారో ఉద్యోగం వదిలి సందులో కూర్చున్నాకే నిదానంగా తెలిసింది.

ఓడలో వైఫై ధారాళంగా రాదు. ఒక్కొక్కరికి కొలిచి పోస్తారు. అయిపోతే జీతంలోంచి కొనుక్కోవాలి. వీడియో కాల్ ఏ పుట్టినరోజుకో. మిగతా సంసారమంతా వాయిస్ మెసేజుల్లోనే నడుస్తుంది. ఆడవాళ్ళు కుక్కర్ కూత ఆగేదాకా ఆగి, ఫ్యాను కట్టేసి, చెప్పాల్సింది ముందు మనసులో పేర్చుకుని, గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. డెస్కులో మేము వార్తను కుదించినట్టే కుదిస్తారు. అటునుంచి వచ్చేవీ అంతే. రేవు చేరినప్పుడు నలుగురు నావికులు కలిసి అక్కడి సిమ్ ఒకటి కొంటారు, ఒకడి ఫోను హాట్‌స్పాట్ చేసుకుని నలుగురూ దాని చుట్టూ చేరతారు. మా గోడ అవతలి వాటాలో కాపురమున్న అమ్మాయి భర్త మెసేజు ఎప్పుడూ ఒకే మాటతో ముగిసేది. ఆమె వంట చేస్తూ స్పీకర్లో పెట్టుకునేది కాబట్టి మాకూ వినబడేది.

"ఎంబీలు అయిపోతన్నాయి, ఉంతాను."

ఆ అమ్మాయిది శ్రీకాకుళం వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం. నన్ను బాబాయ్ అని, నా భార్యను పిన్నీ అని పిలిచేది. భర్త ఓడలో ఇంజను రూములో పని. పెళ్ళయిన చాలా ఏళ్ళకు కడుపు నిలబడింది, అది తెలిసిన కొద్దిరోజులకే అతనికి పిలుపు వచ్చింది. వెళ్ళనంటే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో తెలియదు. వెళ్ళాడు.

అతని సిమ్ ఉన్న ఫోను కూడా ఫ్రిజ్ మీదే ఉండేది. రోజూ ఛార్జింగు పెట్టేది. ప్యాకు మాత్రం వేయడం మానేసింది. ధరలు పెరిగాక సందులో చాలామంది మానేశారు. వాట్సాప్ ఆడుతోంది కదా, మెసేజులు వెళ్తున్నాయి, వస్తున్నాయి, నంబరు బతికే ఉందని అందరి లెక్క. వాట్సాప్ ఆడినంతమాత్రాన నంబరు బతికున్నట్టు కాదని, నెలల తరబడి ప్యాకు లేకపోతే కంపెనీ దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తుందని ఎవరికీ తట్టలేదు. ఓడ మీది భర్త కూడా ఆ ఖర్చెందుకు, పాలు కొనుక్కుని తాగమన్నాడట.

ఏడో నెల పడ్డాక అతను ఒక మెసేజు పెట్టాడు. వెళ్ళబోయే దారిలో ఓడల మీద దాడులు జరుగుతున్నాయని, అది దాటేదాకా కెప్టెన్ వైఫై కట్టేస్తాడని, మాట రాకపోతే భయపడొద్దని. ఆమె భయపడింది. టీవీలో ఎక్కడో ఓడ తగలబడుతుంటే చూసి మా ఇంటికి వచ్చి కూర్చునేది. నా భార్య టీవీ కట్టేసేది.

కడుపు మాత్రం క్షేమంగా ఉందనుకుంటున్న రోజుల్లోనే, ఒక ఉదయం బట్టలు ఆరేస్తూ మేడ మీదనుంచి నా భార్యను పిలిచింది. లోపల కదలిక లేదంది. ఆటోలో తీసుకెళ్ళాం. పిల్లవాడు అప్పటికే పోయాడని ఆసుపత్రిలో చెప్పారు. అయినా నొప్పులు పడి కనాల్సిందే. ఆ తతంగమంతా అయ్యేదాకా నా భార్య ఆమె చేయి వదల్లేదు. మర్నాడు, మంచం మీద గోడవైపు తిరిగి, ఆమె ఫోను నోటి దగ్గర పెట్టుకుని భర్తకు మెసేజు చెప్పింది. వార్డులో ఫ్యాను కట్టెయ్యడం కుదరదు కాబట్టి నా భార్యను తలుపు దగ్గరగా వెయ్యమంది. ఎప్పటిలాగా కుదించలేదట. ఆగి ఆగి, చాలాసేపు చెప్పిందట.

ఆ మెసేజు కింద ఒకే ఒక్క టిక్కు పడి ఉండిపోయింది. ఓడలో వైఫై లేదు. అది అందరికీ తెలుసు. ఆమె ఇంటికి వచ్చింది, పాలు రాకుండా కట్లు కట్టారు, పుట్టింటికి తీసుకెళ్తామని వచ్చినవాళ్ళను వెనక్కి పంపేసింది. ఆయన మెసేజు వస్తే ఈ ఇంట్లోనే వినాలంది. రోజూ ఫోను తెరిచి ఆ ఒంటి టిక్కును చూసేది.

ఒక పొద్దున్న గోడ అవతలనుంచి పిన్నీ అని కేక వినబడింది. వెళ్ళాం. టిక్కులు రెండయ్యాయి. మేము చూస్తుండగానే నీలంగా మారాయి. వాయిస్ మెసేజు పక్కన చిన్న మైకు బొమ్మ ఉంటుంది, అవతలివాళ్ళు వింటే అదీ నీలమవుతుంది. మా సందులో ఈ సంగతి తెలియని ఆడమనిషి లేదు.

"ఇన్నాడు బాబాయ్," అంది. "మైకు నీలం అయిపోనాది."

ఓడ గండం దాటింది, మనిషి బతికున్నాడు, కబురు అందింది. నా భార్య కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడు అతని మాట వస్తుందని ముగ్గురం అక్కడే కూర్చున్నాం. రాలేదు. మధ్యాహ్నానికీ రాలేదు. వింటూనే కుప్పకూలి ఉంటాడని, తేరుకోనిమ్మని చెప్పాను. మర్నాడు ఆమె ఇంకో మెసేజు పెట్టింది. అదీ నీలమయింది. వినేసి ఊరుకుంటావేటి అని ఇంకోటి. అదీ.

ఇలాంటివి సందులో దాగవు. ఎదురింటావిడ ముప్పై ఏళ్ళు ఓడల మీద తిరిగిన మనిషి భార్య. మంచిదే, ఆదివారం చర్చినుంచి వస్తూ ఈమె కోసం ప్రార్థన చేయించానని చెప్పి వెళ్ళేది. కానీ నోరు ఊరుకోదు. "ఓడోళ్ళకి ఏడుపు రాదే అమ్మా, ఉప్పుగాలికి ఎండిపోద్ది," అంది ఓదార్పుగానే. కుళాయి దగ్గర మాత్రం ఇంకో మాట అందట, ఏ రేవులో ఎవుల్ని తగులుకున్నాడో అని. అలా అనడానికి ఒక కారణం ఉందని అప్పటికి మాకు తెలియదు. భర్త పేరు పక్కన ఉండే ఫోటో మారిపోయిందని ఈమె ఆవిడకొక్కదానికే చూపించింది. డెక్కు మీద నారింజరంగు దుస్తుల్లో నవ్వుతూ ఉండే అతని ఫోటో పోయి, అక్కడ ఒక పసిపిల్ల ఉంది. టోపీ, బుగ్గన కాటుక చుక్క.

ఆ తర్వాత ఆమె మెసేజులు పెట్టడం మానేసింది. వంట మానేసింది. మా ఇంటినుంచి పంపిన అన్నం మూత తియ్యకుండా తిరిగొచ్చేది. ఫ్రిజ్ మీది ఫోనుకు ఛార్జింగు మాత్రం పెట్టేది, అలవాటు కొద్దీ.

కొన్నాళ్ళకు ఆమెకు ఏదో విదేశీ కోడుతో ఉన్న నంబరునుంచి కాల్స్ రావడం మొదలైంది. ఎత్తలేదు. తెలియని విదేశీ నంబర్లు ఎత్తొద్దని, మోసగాళ్ళని ఫోను చేసిన ప్రతిసారీ రికార్డు గొంతు చెబుతూనే ఉంది కదా. కాల్స్ ఆగి అదే నంబరునుంచి వాయిస్ మెసేజు వచ్చింది. భయపడి మా ఇంటికి పట్టుకొచ్చింది. వింటే డబ్బులేమీ పోవులే, నొక్కు అంది నా భార్య.

అతని గొంతే. గాలి హోరు, వెనక ఎవరివో నవ్వులు.

"నానేనే. ఇది ఇక్కడి సిమ్ము, నలుగురం కలిసి కొన్నాం. నా వాట్సాప్ పోనాది, ఎందుకో తెల్దు, అందుకని దీని మీద కొత్తగా ఏసుకున్నాను. ఫోనెత్తవేటి? రేపు సాయంత్రం ఓడ కదులుద్ది, మల్లీ అదే దారి, మల్లీ నెట్టుండదు. కడుపు ఎలాగున్నాది? తంతన్నాడా ఆడు? రేత్రి నిద్దర పట్టకపోతే పక్కకి తిరిగి పడుకో. ఎంబీలు అయిపోతన్నాయి, ఉంతాను."

మెసేజు అయిపోయాక ఆమె ఫోనువైపే చూస్తూ ఉంది.

"సూసినావా పిన్నీ," అంది చివరికి. "అంతా ఇనీసి, ఏటీ ఎరగనట్టు ఎలాగడుగుతన్నాడో."

నేను పాత మెసేజులు చూపించమన్నాను. లేవు. కోపంలో ఆ సంభాషణంతా చెరిపేసింది. పేరు, పక్కన ఆ పసిపిల్ల ఫోటో మాత్రం మిగిలాయి. నేను ఆ ఫోటో చూడడం అదే మొదటిసారి. బటన్ల ఫోను ఎక్కడుందని అడిగి ఆమె వాటాలోకి వెళ్ళాం. ఫ్రిజ్ మీద చేతిరుమాలు తీశాను. ఛార్జింగు నిండుగా ఉంది. నా ఫోనునుంచి అతని పాత నంబరుకు చేశాను. నా చెవిలో రింగు మోగుతోంది. ఫ్రిజ్ మీది ఫోను మోగలేదు. ముగ్గురం దానివైపే చూస్తున్నాం. ఎక్కడో ఎవరో ఎత్తి, హలో, కౌన్ అన్నారు.

పోర్టు వార్తల కోసం కూలీల మధ్య తిరిగిన రోజుల్లో పట్టుబడిన హిందీ, కాస్త ఒడియా ఇన్నాళ్ళకు అక్కరకొచ్చాయి. అతను ఒడిశావాడు. దువ్వాడ దగ్గర కడుతున్న అపార్టుమెంట్లలో ఇనుప చువ్వలు కట్టే పని. కూర్మన్నపాలెం జంక్షన్లో గొడుగు కింద సిమ్‌లు అమ్మేవాడి దగ్గర ఇది కొన్నాడు. ఊరి సిమ్‌కు ఇక్కడ సరిగా సిగ్నల్ రాదు, ఇది వేస్తే నెట్ చవక, ఇంటికి వీడియోలో మాట్లాడొచ్చని. వాట్సాప్ పెట్టుకోగానే ఎవరో ఆడమనిషి మెసేజులు వచ్చి పడ్డాయి. విన్నాడు. భాష తెలియలేదు. ఏడుపు తెలిసింది. జవాబిద్దామంటే, తెలియనివాళ్ళకు జవాబిస్తే బ్యాంకులో డబ్బు పోతుందని మేస్త్రీ వద్దన్నాడట.

నేను చెబుతుంటే ఆమె ఫ్రిజ్‌కు ఆనుకుని కింద కూర్చుంది.

"అయితే ఆడికి తెల్దు," అంది. ఆ ముఖంలో వచ్చింది ఊరటో మరేదో నేను చెప్పలేను. కాసేపటికి, "అయితే మల్లీ సెప్పాల," అంది.

ఓడ మర్నాడు సాయంత్రం కదులుతుంది. చెప్పకపోతే అతను కడుపులో బిడ్డ ఉన్నాడనుకుంటూ ఆ దారిలో వెళ్తాడు, ఇంకెన్నాళ్ళకో బయటపడి మళ్ళీ తంతన్నాడా అని అడుగుతాడు. నేను చెబుతానన్నాను. వద్దంది. నా భార్య తాను చెబుతానంది, ఆడవాళ్ళు చెబితే వేరుగా ఉంటుందని. దానికీ వద్దంది. ఆ మాట తన నోటినుంచే వినాలి, ఇంకెవరు చెప్పినా అతను నమ్మడు, నమ్మినా తనను క్షమించడు అని ఆమె వాదన. సరే అని మేము బయటికి వచ్చి ఆమెను ఫోనుతో వదిలేశాం. గోడ అవతల ఫ్యాను ఆగిన చప్పుడు వినబడింది. చాలాసేపు ఏమీ వినబడలేదు. మళ్ళీ ఫ్యాను తిరిగింది. ఆమె మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఒకపాలి సెప్పీసినాను పిన్నీ. ఆ మాటలు అయిపోనాయి."

తర్వాత నావైపు తిరిగి, "ఆ దువ్వాడ మనిసి దగ్గర ఉంటాదా బాబాయ్, నాను సెప్పింది?" అని అడిగింది.

అతనికి మళ్ళీ ఫోను చేశాను; తెలియని నంబరుకు పంపడానికి జంకి, ఎదురుగా వస్తే పంపుతానన్నాడు. మర్నాడు పొద్దున్నే ముగ్గురం బస్సెక్కి దువ్వాడ వెళ్ళాం. ఆరోజు అతనికి పని సెలవు. స్టేషను బయట టీ కొట్టు దగ్గర ఉంటానన్నాడు, ఉన్నాడు. ఆమె భర్త వయసే ఉంటుంది. తలకు నూనె రాసి దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు, ఏం అనాలో తెలియక దండం పెట్టాడు. వచ్చే దారిలో వాక్యం కూడగట్టుకుని ఉంటాడు, ఆమెకు తెలుగులోనే చెప్పాడు.

"అమ్మ ఏడుస్తుంది. నాకు తెలీదు. నేను చెరపలేదు."

ఫోను తెరిచి వెతికాడు. వేలు తగిలి మెసేజు మోగింది. ఆసుపత్రి ఫ్యాను హోరు, దానిమీద ఆమె గొంతు, "ఆడికి నీ ముక్కే వొచ్చినాది" అన్నంతవరకు. ఆమె చెయ్యి చాపి ఫోనును అరచేత్తో మూసేసింది. అతను కంగారుపడి ఆపాడు. టీ కొట్టువాడు మావైపు చూసి గ్లాసులు కడగడంలో పడ్డాడు.

భర్త కొత్త నంబరు నేనే నొక్కిపెట్టాను. ఆ మెసేజును ఆ కూలీయే పంపాడు. దాని నెత్తిన ఫార్వర్డెడ్ అని చిన్న అక్షరాలు పడ్డాయి, పండగ శుభాకాంక్షల మీద, కాకరకాయ చిట్కాల మీద పడినట్టే. ఒక టిక్కు. రెండు టిక్కులు. అక్కడ రేవులో భర్త తన సొంత పాత నంబరునుంచి వచ్చిన మెసేజు చూసి ఏమనుకుని ఉంటాడో. మైకు బొమ్మ నీలమవడం నేనే చూశాను. ఆమె చూడలేదు. ప్లాట్‌ఫారం మీదికి వస్తున్న గూడ్సు పెట్టెలవైపు చూస్తోంది, ఒక్కొక్కటే లెక్కపెడుతున్నట్టు.

మెసేజు నిడివి అయ్యేంతసేపు గడిచింది. ఇంకా కొంతసేపు గడిచింది. అప్పుడు ఆ కూలీ చేతిలో ఫోను మోగింది. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆమెకు అందించాడు. తీసుకుని చెవికి ఆనించుకుంది. అటునుంచి ఏం వినబడుతోందో మాకు తెలియదు, మాటలైతే కావు. నా భార్య ఆమె వీపు మీద చెయ్యి వేసింది. అతను దూరంగా కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు, మళ్ళీ కడుక్కున్నాడు. సెలవు రోజు ఆ వేళకే భార్యకు, పిల్లకు వీడియోలో కనబడతానని అంతకుముందే నాకు చెప్పాడు. వాళ్ళు ఊళ్ళో ఫోను పట్టుకుని కూర్చుని ఉంటారు. అతను మాత్రం మావైపు రాలేదు.

ఎంబీల మాట ఇద్దరూ ఎత్తలేదు. అవి వాటంతటవే అయిపోయినట్టున్నాయి. ఆమె ఫోను చెవినుంచి తీసి చూసుకుంది, మళ్ళీ పెట్టుకుంది, తీసింది. కొంగుతో తుడిచి అతన్ని పిలిచి ఇచ్చింది.

అతను తెరమీద ఏదో వెతికి నావైపు తిరిగి, ఇప్పుడు వీటిని చెరిపెయ్యనా అని హిందీలో అడిగాడు. ఆమెకు చెప్పాను.

ఆమె అతని చేతిలోని ఫోనును, తెరమీది అతని పసిపిల్లను కాసేపు చూసింది.

"ఉండనీమను బాబాయ్," అంది. "నా దగ్గర లేవు గదా."